నోటితోనా, ముక్కు గొట్టమా, పొట్ట గొట్టమా? సీపీ పిల్లల తిండికి దారి ఎంచుకోవడం

సెరిబ్రల్ పాల్సీ (సీపీ) ఉన్న బిడ్డ ఇంట్లో ఫిట్స్ గురించి, ఫిజియోథెరపీ గురించి ఎంత మాట్లాడుకున్నా, రోజంతా నడిచే గొడవ మాత్రం తిండిదే. మెదడుకు తగిలిన దెబ్బ కాళ్లూ చేతులతో ఆగదు. నాలుక, గొంతు, ఆహారనాళం, పేగులు అన్నిటి మీదా దాని ప్రభావం ఉంటుంది. అందుకే ఒకే బిడ్డకు పొలమారడం, తిన్నది పైకి రావడం, మలబద్ధకం, బరువు పెరగకపోవడం అన్నీ కలిసి వస్తాయి. ఏదో ఒక రోజు డాక్టరుగారు ‘గొట్టం పెడదాం’ అంటారు. ఇక ఇంట్లో తలా ఒక మాట. అత్తగారు ‘పసిబిడ్డ పొట్టకు రంధ్రం పెడతారా’ అని ఏడుస్తారు, ఇంకొకరు ‘ఓపిగ్గా పెడితే తింటాడు’ అంటారు. ఆ ఓపిక ఎన్ని గంటలో పెట్టేవాళ్లకే తెలుసు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర చాలామంది ముక్కు గొట్టాన్ని ‘తాత్కాలికం’ అంటూ నెలలకు నెలలు లాగేస్తారు. పొట్ట గొట్టం అంటే ఇక అంతా అయిపోయినట్టే అన్న భయమే దానికి కారణం. ఆ భయంలో కొంత నిజం ఉంది, చాలావరకు లేదు. అయితే పొట్ట గొట్టం కూడా అందరికీ సరిపోదు. తుది నిర్ణయం మీ బిడ్డను చూసే పిల్లల గ్యాస్ట్రో డాక్టరుతో కలిసి తీసుకోవాల్సిందే. ఆ గదిలోకి ఏ లెక్కలతో వెళ్లాలో ఇక్కడ చెప్తున్నాను.

గొట్టం మాట ఎత్తకముందు

తినడం మానేసిన బిడ్డకు ముందు మలబద్ధకం ఉందేమో చూడండి. సీపీ పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. కదలిక తక్కువ, నీళ్లు తక్కువ, కొన్ని మందుల ప్రభావం కూడా తోడవుతుంది. పేగు నిండిపోయి ఉంటే పైనుంచి ఎంత పెట్టినా వాంతే అవుతుంది. ఇంకో తిరకాసు ఉంది. గట్టిపడ్డ మలం పక్కనుంచి నీళ్ల విరేచనం కారుతుంటుంది. అది చూసి విరేచనాలు పట్టుకున్నాయని మందు వేస్తే పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. లాక్టులోజ్ సిరప్ అయినా, నీళ్లలో కలిపే పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పౌడర్ అయినా డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్నాళ్లు వాడాలి. ఒకసారి సాఫీగా అయిందని ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

అలాగే పుచ్చిన పళ్లు, ఛాతీలో మంట, ఫిట్స్ మందు వల్ల వచ్చే మత్తు కూడా చూడాలి. ఇవి సర్దుకున్నాక తిండి మెరుగుపడిన పిల్లలు ఉంటారు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, అన్నిటికంటే పెద్దది, మింగడం భద్రమేనా అన్నది. తినేటప్పుడు దగ్గు, కళ్లలో నీళ్లు, తిన్నాక గొంతులో గురగుర, ఏడాదిలో పదేపదే నెమ్ము చేయడం, ఇవన్నీ తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందనడానికి సూచనలు. కొందరు పిల్లలకు దగ్గు కూడా రాదు, చడీచప్పుడు లేకుండా లోపలికి జారిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి బేరియం కలిపిన తిండి తినిపిస్తూ ఎక్స్‌రే వీడియో తీసే మింగుడు పరీక్ష ఉంది. పెద్ద పిల్లల ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టు పక్కనుండి చేయిస్తారు. ఈ పరీక్ష కాకుండా ‘మావాడు బాగానే మింగుతాడు’ అన్న మాటను నేను నమ్మను.

రెండోది టైము. ఒక పూట తిండికి అరగంట దాటుతోందా? రోజు మొత్తం మీద మూడు గంటలకు పైగా తినిపించడానికే పోతోందా? అయితే నోటి దారి ఒక్కటే సరిపోవడం లేదన్నమాట. మూడోది బరువు. నిలబడలేని పిల్లల ఎత్తు కొలవడం కష్టం కాబట్టి మోకాలి పొడవు కొలిచి ఎత్తు అంచనా వేస్తారు. సీపీ పిల్లల కోసం వేరే ఎదుగుదల చార్టులు ఉన్నాయి. మామూలు చార్టు మీద చుక్క పెట్టి భయపెడితే, ఆ చార్టు ఉందేమో అడగండి.

ఇక నాలుగోది మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది. గొట్టం రాత్రిపూట ఊడిపోతే మళ్లీ పెట్టగలిగే చోటు మీ ఇంటికి ఎంత దూరం? హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల జవాబు, పాడేరు పక్క ఊళ్లో ఉన్నవాళ్ల జవాబు ఒకటి కావు. పగలంతా బిడ్డ దగ్గర ఎవరుంటారు, వాళ్లకు సిరంజి పట్టుకోవడం వచ్చా అన్నది కూడా ఇందులో భాగమే. చివరికి డబ్బు. పెట్టించే రోజు ఖర్చుతో పాటు ఏడాది పొడవునా అయ్యేది కూడా లెక్కేయాలి.

| | నోటితో | ముక్కు గొట్టం | పొట్ట గొట్టం |
|---|---|---|---|
| ఎవరికి | మింగడం భద్రమని తేలినవాళ్లకు | కొన్ని వారాల అవసరానికి | నెలలు, ఏళ్ల అవసరానికి |
| పెట్టడం | ఏమీ లేదు | మంచం దగ్గరే, మత్తు లేకుండా | మత్తు ఇచ్చి, ఆసుపత్రిలో చేరి |
| మార్చడం | – | మామూలు పీవీసీది దాదాపు వారానికి, మెత్తటి సిలికాన్ రకం 4–6 వారాలకు | బెలూన్ బటన్ (చర్మానికి ఆనుకుని ఉండే పొట్టి గొట్టం) 3–6 నెలలకు |
| పెద్ద ప్రమాదం | తిండి ఊపిరితిత్తుల్లోకి | గొట్టమే ఊపిరితిత్తుల్లోకి | ఇన్‌ఫెక్షన్, ఊడితే దారి మూసుకుపోవడం |
| పైకి కనిపించడం | లేదు | ముఖం మీదే | చొక్కా కింద |
| తరచూ అయ్యే ఖర్చు | తక్కువ | ఒక్కోటి చవక, మాటిమాటికి కొనాలి | ఒక్కో బటన్ వేలల్లో |

నోటితోనే కొనసాగించడం

మింగడం భద్రమని తేలితే, బరువు కాస్తయినా పెరుగుతుంటే, ఇదే మంచిది. అయితే పద్ధతి మారాలి. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. సీపీ బిడ్డకు అంత ప్రమాదకరమైనది ఇంకోటి లేదు. తల వెనక్కి వాలితే గాలిగొట్టం తెరుచుకుంటుంది. కూర్చోబెట్టి, నడుము నిటారుగా, తల కొద్దిగా ముందుకు వంగేలా పట్టుకోవాలి. చెంచా ఎదురుగా, నోటి ఎత్తులో రావాలి. పైనుంచి వస్తే బిడ్డ తల ఎత్తేస్తాడు.

నీళ్లలా పలచనివి పొలమారడానికి ఎక్కువ అవకాశం ఉంటుంది. ముద్దలా గట్టిగా ఉన్నవి నోట్లోనే ఉండిపోతాయి. మధ్యస్థంగా ఏది సరిపోతుందో థెరపిస్టు చూసి చెప్పాలి. జిల్లాల్లో ఉన్నవాళ్లు ప్రభుత్వ డీఈఐసీ కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. పిల్లల ఎదుగుదల సమస్యలకు థెరపిస్టులు ఉండేది అక్కడే.

ఒక్క మాట. ‘నోటితో తినడం అంటే మామూలు బిడ్డలాగే’ అన్న ఆశతో, నెమ్ము చేసి ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ దాన్ని చలిగాలి మీదకు నెట్టేసే కుటుంబాలు ఉన్నాయి. అక్కడ నేను మొహమాటపడను. ఒకే ఏడాదిలో రెండోసారి నెమ్ము చేసిందంటే మింగుడు పరీక్ష చేయించుకోండి.

ముక్కు గొట్టం

ఆసుపత్రిలో దీన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. ముక్కులోంచి పొట్టలోకి వెళ్తుంది. ఆపరేషన్ లేదు, వద్దనుకుంటే ఆ క్షణమే తీసేయొచ్చు. బిడ్డ జబ్బుపడి కోలుకునే దాకా, లేదా పొట్ట గొట్టం పెట్టించే లోపు బరువు పెంచడానికి ఇది చక్కగా పనికొస్తుంది. 4 నుంచి 6 వారాలు దాటి గొట్టం అవసరమనిపిస్తే పొట్ట గొట్టం సంగతి మాట్లాడటం మొదలుపెట్టాలి.

ఇందులో ఉన్న ఇబ్బందులు చూసేవాళ్లకు అర్థం కావు. చెంప మీద ప్లాస్టర్ కింద చర్మం ఎర్రగా కమిలిపోతుంది. ముక్కు కారుతూనే ఉంటుంది. గొట్టం ఆహారనాళం చివరి కవాటం మధ్యలోంచి వెళ్తుంది కాబట్టి అది పూర్తిగా మూసుకోదు, తిన్నది పైకి రావడం పెరుగుతుంది. గొంతులో ఎప్పుడూ ఏదో గుచ్చుకుంటూ ఉంటే నోటితో తినాలన్న కోరిక కూడా పోతుంది. చేతులు కదిలించగల పిల్లలైతే లాగేస్తారు. కొందరు తల్లులు చేతులకు సాక్సులు తొడుగుతారు.

అన్నిటికంటే ముఖ్యం, ప్రతి పూటా గొట్టం పొట్టలోనే ఉందని తేల్చుకోవడం. ముక్కు దగ్గర పెట్టిన పెన్ను గుర్తు జరిగిందా చూడాలి. నోరు తెరిచి గొంతులో చుట్ట చుట్టుకుందేమో చూడాలి. తర్వాత సిరంజితో మెల్లగా లాగి, వచ్చిన చుక్కను ఆమ్లం కొలిచే పీహెచ్ పేపర్ మీద వేయాలి. రంగు 5.5 లేదా అంతకంటే తక్కువ చూపిస్తే పొట్టలోని ఆమ్లమే, పోయొచ్చు. అంతకంటే ఎక్కువ వస్తే ఆగాలి. బిడ్డకు గ్యాస్ మందు వాడుతుంటే ఆమ్లం తగ్గి ఎక్కువ చూపించే అవకాశం ఉంది. అప్పుడేం చేయాలో ముందే డాక్టరును అడిగి పెట్టుకోవాలి. అనుమానం తీరకపోతే ఎక్స్‌రేయే గతి. గాలి ఊది స్టెతస్కోపుతో ‘బుస్’ అన్న చప్పుడు వినడం చాలా చోట్ల ఇప్పటికీ నేర్పిస్తున్నారు. గొట్టం ఊపిరితిత్తుల్లో ఉన్నా అలాంటి చప్పుడే వినిపించవచ్చు. దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి. పీహెచ్ పేపర్ చుట్ట ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

పొట్ట గొట్టం, బటన్

పొట్ట మీద చిన్న రంధ్రం చేసి నేరుగా జీర్ణాశయంలోకి పెట్టే గొట్టం ఇది. పెద్ద కోత లేకుండా, నోట్లోంచి కెమెరా గొట్టం పంపే ఎండోస్కోపీతో పెట్టే పద్ధతిని అందరూ ‘పెగ్’ అంటారు (మలబద్ధకానికి వాడే పెగ్ పౌడర్ వేరు). 1980లో అమెరికాలో గాడరర్, పాన్‌స్కీ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని ప్రపంచానికి వివరించారు. పిల్లల కోసమే మొదలైన పద్ధతి ఇది, పెద్దవాళ్లకు వాడటం తర్వాత పెరిగింది. వెన్ను బాగా వంగిపోయిన పిల్లలకు ఎండోస్కోపీతో కుదరకపోతే లాపరోస్కోపీతో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్‌తో పెడతారు.

మొదట పొడవాటి గొట్టం పెడతారు. రెండు మూడు నెలల్లో చర్మం నుంచి జీర్ణాశయం దాకా ఉన్న రంధ్రం దారి గట్టిపడ్డాక చాలామందికి బటన్ వేస్తారు. అది చర్మానికి ఆనుకుని, మూతతో ఉంటుంది. బెలూన్ రకంలో లోపల నీళ్లు నింపిన చిన్న బెలూన్ దాన్ని ఊడిపోకుండా పట్టి ఉంచుతుంది. తిండి పోసేటప్పుడు మాత్రమే దానికి పైపు తగిలిస్తారు. ముఖం మీద ఏమీ ఉండదు. పెళ్లికో గుడికో తీసుకెళ్తే ప్రతి ఒక్కరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఇదేమీ చిన్న విషయం కాదు.

ఇప్పుడు భయాల సంగతి. పొట్ట గొట్టం పెడితే నోటితో తినడం ఆగిపోవాలన్న రూలు లేదు. మింగుడు పరీక్షలో ఫలానా చిక్కదనం భద్రమని తేలితే అది నోటితో పెట్టుకోవచ్చు. కడుపు నింపే బాధ్యత గొట్టానిది, రుచి బాధ్యత నోటిది. థెరపిస్టు సరేనంటే నాలుక మీద చింతపండు చారు చుక్క వేసినా అది తిండే. అవసరం తీరితే గొట్టం తీసేయొచ్చు. రంధ్రం చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది, కొందరికి కుట్టు వేయాల్సి వస్తుంది.

నిజమైన నష్టాలు వేరే ఉన్నాయి. మత్తు ఇవ్వాలి. ఛాతీ బలహీనంగా ఉన్న బిడ్డకు అది చిన్న సంగతేమీ కాదు. రంధ్రం చుట్టూ ఎర్రటి కండ పెరగడం, కారడం, ఇన్‌ఫెక్షన్ మామూలే. రోజూ సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తిన్నది పైకి వచ్చే సమస్యను ఇది తగ్గించదు. చొంగ ఊపిరితిత్తుల్లోకి పోవడాన్నీ ఆపదు. పెగ్ పెట్టించాక కూడా నెమ్ము చేస్తోందని నిరాశపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే అంత బాధపడేవారు కాదు. ఇంకొకటి, నడవలేని బిడ్డకు అదే వయసు పిల్లలంత కేలరీలు అక్కర్లేదు. గొట్టం వచ్చాక ఆనందం కొద్దీ పోసేస్తే లావెక్కి, ఎత్తుకోవడం అమ్మకే కష్టమవుతుంది. మరీ ఎండిపోయిన బిడ్డకు మాత్రం మొదటి రోజుల్లో ఆసుపత్రిలో మెల్లగా పెంచాలి. ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో లవణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఊడిపోతే? దారి కొన్ని గంటల్లోనే మూసుకోవడం మొదలవుతుంది. పెట్టిన మొదటి వారాల్లో ఊడితే మీరేమీ లోపలికి దోపకండి, గుడ్డ కప్పి ఆసుపత్రికి పరిగెత్తండి. దారి గట్టిపడిన తర్వాతైతే, రంధ్రం మూసుకోకుండా ఫోలీ కాథెటర్ (మామూలుగా మూత్రం కోసం వాడే గొట్టం) పెట్టడం చాలా ఆసుపత్రుల్లో తల్లిదండ్రులకు నేర్పిస్తారు. అది దారి కాపాడటానికే. సరైన చోట ఉందని తేలేదాకా దాంట్లోంచి తిండి పోయకూడదు.

తిన్నది పైకి వస్తూనే ఉంటే

ఇక్కడ రెండు దారులు. ఫండోప్లికేషన్ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయం పైభాగాన్ని ఆహారనాళం చుట్టూ చుట్టి కుడతారు. లేదా గొట్టాన్ని జీర్ణాశయం దాటించి చిన్నపేగులోకి పంపుతారు. ఈ రెండో దాంట్లో పేగు ఒక్కసారిగా పోసింది పట్టుకోలేదు. పంపుతో గంటల తరబడి మెల్లగా ఎక్కించాలి, గొట్టం జరిగితే ఎక్స్‌రే యంత్రం ఉన్న పెద్ద ఆసుపత్రికే వెళ్లాలి. పల్లెల్లో, కరెంటు కోతల మధ్య ఇది చాలా కష్టం. మొదటి ఎంపికగా నేను ఎవరికీ చెప్పను.

గొట్టంలో ఏం పోయాలి

మన దగ్గర గొట్టం అనగానే రాగి జావ. లెక్క చూడండి. 200 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 20 గ్రాముల రాగిపిండి వేస్తే వచ్చేది 65 కేలరీల చిల్లర. అదే గొట్టం తిండికి వాడే పోషకాహార డబ్బా పౌడరు (పసిపిల్లల డబ్బా పాలు కాదు), డబ్బా మీద చెప్పినట్టు 200 మిల్లీలీటర్లు కలిపితే, చాలా రకాల్లో దాదాపు 200 కేలరీలు. పొట్ట నిండింది, బిడ్డ మాత్రం ఎండిపోతున్నాడు అనే ఇళ్లలో జరిగేది ఇదే.

పిండి ఎక్కువేస్తే జావ గడ్డకట్టి గొట్టంలో ఇరుక్కుంటుంది. దీనికి మన పాత ఉపాయమే మందు. మొలకెత్తించి, ఎండబెట్టి పట్టించిన రాగిపిండి వాడితే మొలకల్లోని ఎంజైమ్ పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది, జావ పలచగా ఉంటుంది. అదే పలుచదనంలో ఎక్కువ పిండి పడుతుంది. పైన ఒక టీస్పూను నూనె కలిపితే ఇంకో 40 కేలరీలు. పాలు, పెసరపప్పు, ఉడికించిన గుడ్డు కూడా మిక్సీలో మెత్తగా వేసి, సన్నటి జాలిలో వడకట్టి పోయొచ్చు.

డబ్బా పౌడరుకు ఉన్న మంచి గుణం, విటమిన్లు, ఖనిజాలు లెక్క ప్రకారం ఉండటం, గొట్టం మూసుకోకపోవడం. చెడ్డ గుణం ధర. ఇంటి తిండికి ఉన్న మంచి గుణం, కొందరు పిల్లల్లో వాంతులు తగ్గి విరేచనం సాఫీ అవడం. ముక్కు గొట్టం సన్నం కాబట్టి మిక్సీ తిండి తరచు మూసేస్తుంది. పొట్ట గొట్టం 14 ఫ్రెంచ్ (గొట్టం లావు కొలిచే కొలత) సైజు లేదా అంతకంటే పెద్దదైతే బాగా పోతుంది. మధ్యతరగతి ఇంటికి నేను చెప్పేది పగలు ఇంటి తిండి, రాత్రికి లేదా ప్రయాణంలో పౌడరు. డైటీషియన్‌తో ఒకసారి లెక్క వేయించుకుని, నెలకోసారి బరువు చూసుకుంటే చాలు. కలిపింది బయట రెండు గంటలు దాటితే పారబోయండి, మన ఎండలకు అది కూడా ఎక్కువే.

పోసే ముందూ తర్వాతా కొంచెం నీళ్లతో గొట్టం కడగాలి. తర్వాత అరగంట నుంచి గంట దాకా తలవైపు ఎత్తుగా ఉంచాలి. సిరంజి పిస్టన్‌తో నెట్టకుండా, సిరంజిని పైకి పట్టుకుని దానంతట అదే దిగనిస్తే వాంతులు తగ్గుతాయి. ఫిట్స్ మాత్రల్లో మెల్లగా కరిగే రకాలను నూరి పోయకూడదు, మోతాదు ఒక్కసారిగా విడుదలైపోతుంది. సిరప్ రూపం ఉందేమో అడగండి.

ఏ ఇంటికి ఏది

మింగడం భద్రమే, టైము మాత్రం ఎక్కువ పడుతోంది, బరువు నిలకడగా పెరుగుతోంది అంటే నోటితోనే ఉండండి. తిండిలో నూనె, గుడ్డు పెంచి మూడు నెలలు చూడండి.

ఇటీవలే జబ్బుపడి లేచిన బిడ్డ, కొద్ది వారాల్లో తేరుకుంటాడన్న ఆశ ఉంటే ముక్కు గొట్టం. ఆసుపత్రి నుంచి వచ్చే ముందు ఇంట్లో ఇద్దరు నేర్చుకోవాలి. అమ్మ ఒక్కతే నేర్చుకుంటే ఆమెకు జ్వరం వచ్చిన రోజు టెన్షనే.

మింగుడు పరీక్షలో తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందని తేలి, అది మారే సూచన లేకపోతే, నగరానికి మూడు నాలుగు గంటల దూరంలో ఉన్నా పొట్ట గొట్టమే నా సలహా. ముక్కు గొట్టం మారుమూల ఊళ్లో తప్పుగా పడితే సరిచూసే ఎక్స్‌రే అక్కడ ఉండదు. పొట్ట గొట్టం దారి గట్టిపడ్డాక అంతకంటే భరోసాగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు మత్తును తట్టుకోలేవని మత్తు డాక్టరు అంటే మాత్రం, మెత్తటి సిలికాన్ ముక్కు గొట్టంతో సర్దుకోవాలి.

అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న చుట్టాలు పంపు, బటన్, పౌడరు అన్నీ ఇంటికే వస్తాయని చెప్తారు. అక్కడి ఏర్పాటు అది. ఇక్కడ అవి ఎవరు కొంటారో తేల్చుకోకుండా వాళ్ల సలహా పాటించలేం.

డబ్బు సంగతికొస్తే, ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను రెండు వేర్వేరు ప్రశ్నలు అడగండి: గొట్టం మొదటిసారి పెట్టడం పథకంలో వస్తుందా, తర్వాత మార్చే బటన్లు వస్తాయా? మొదటిదానికి అవునన్నంత మాత్రాన రెండోదానికి అవునని కాదు. వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన నేషనల్ ట్రస్ట్ నడిపే ‘నిరామయ’ బీమా సీపీ పిల్లలకు వర్తిస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా, ఓపీ ఖర్చులు, థెరపీలు కూడా అందులో ఉంటాయి. బిల్లులన్నీ దాచుకోవాలి.

డిశ్చార్జి రోజు ఇంకో పని. గొట్టం సైజు, పెట్టిన తేదీ, బెలూన్‌లో ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లున్నాయో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఆదివారం అర్ధరాత్రి ఊడితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో, ఏ వార్డుకు నేరుగా రావాలో అడిగి అదే కాగితం మీద రాసుకోండి. ఒక ఫొటో తీసి, బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరి ఫోన్‌కూ పంపండి.